బురద దాటిన పుంజు

చీసీ లంక, చిల్వా సరస్సు
ఆగస్టు 6

బామ్మర్ది జోసాముకి,

ఫలేసికి పెళ్లి కుదిరింది! కుదిరిందయ్యా, నిజంగా కుదిరింది! కుట్టు మిషను ఆపు. సూది ఎవరికైనా ఇవ్వు, లేకపోతే వేలికి గుచ్చుకుంటావు. నీ ఇంట్లో ఉండి బడిలో పాఠాలు చెప్పుకునే నీ మేనకోడలికి, ఇరవై ఎనిమిదేళ్లు నిండిన నా కూతురికి, మొదట అడిగినవాడు మాట తప్పి పోయాక ఇంకెవరూ అడగరని మనందరం నోరు మూసుకుని కూర్చున్న ఆ పిల్లకి పెళ్లి కుదిరింది!

అబ్బాయి పేరు లైటన్. బోరు పంపులు బాగుచేస్తాడు. మీ జోంబాలో వాళ్ల బడి పంపు చెడిపోతే వచ్చాడట. ఒక్కరోజు పనికి నాలుగు రోజులు తీసుకున్నాడట. దొంగ వెధవ! పంపు అంత చెడిపోలేదని ఫలేసే నాకు రాసింది.

నిన్న పొద్దున అబ్బాయి మేనమామ ముటోలా ముసలాయన పడవలో మా లంకకి వచ్చాడు. నువ్వు ఇక్కడే మీ అక్క పక్కన ఉంటావనుకుని వచ్చాడట. నీళ్లు తగ్గాయి కదా, పడవ రేవు దాకా రాలేదు. ఆయన నడుంలోతు నీళ్లలో దిగి, పుంజుని నెత్తిమీద పెట్టుకుని నడిచొచ్చాడు. ఎర్ర పుంజు జోసామూ! తోక చూస్తే దిమ్మ తిరుగుతుంది. వచ్చి గుమ్మంలో నిలబడి, ఎలా అడగాలో అలాగే అడిగాడు. "ఈ ఇంట్లో ఒక పెట్ట ఉందని విని వచ్చాం" అన్నాడు.

నేను ఆగగలనా? "ఉంది, ఉంది, తొమ్మిదేళ్లుగా ఉంది!" అని అరిచి, ఆయన చేతుల్లోంచి పుంజుని లాక్కున్నాను. ఆయన ఇటూ అటూ చూసి "పిల్ల మేనమామ ఏడీ?" అన్నాడు. "వాడు ఊళ్లో లాగులు కుట్టుకుంటున్నాడు, నేను లేనా?" అన్నాను. నీ అక్క ఎలూబె నోటి మీద చెయ్యి వేసుకుని అలాగే ఉండిపోయింది. ఆడవాళ్లకి సంతోషం వస్తే అంతే. ఆయనకి మొక్కజొన్న పిండి న్సీమ ముద్దలు, ఎండు చేపల పులుసు పెట్టి పంపాం. పాపం, వంచిన తల ఎత్తకుండా తిన్నాడు.

నీళ్ల సంగతి అడుగుతావని రాస్తున్నాను. తగ్గాయి. నవంబరు వానల దాకా తగ్గుతాయి, మామూలే. రేవుకి కాస్త దూరంలో గడ పాతి పడవ కట్టాను. మా తమ్ముడు జెఫనాయా బతికుంటే ఈపాటికి ఆ పడవలో నిలబడి గంతులేసేవాడు. వాణ్ణి ఈ నీళ్లు మింగి పద్దెనిమిదేళ్లు.

తేదీ ఎప్పుడు పెడదామో రాయి. పుంజు నా పక్కనే కూర్చుని ఈ ఉత్తరాన్ని చూస్తోంది.

సంతోషంతో నీ బావ,
లామెకి

*

జోంబా బజారు
ఆగస్టు 21

బావగారికి,

మీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి ఫలేసి కోసం సంతోషపడ్డాను. రెండోసారి చదివితే నమ్మబుద్ధి కాలేదు. మూడోసారి కొట్టుకి తాళం వేసి ఇంటికి వెళ్లిపోయాను.

మేనకోడలి కోసం వచ్చిన పుంజుని అందుకోవలసిన చేతులు ఈ లోకంలో రెండే. అవి నావి. ఇది మీకు తెలియదని నేను అనుకోను. మీరు మా ఇంటి అల్లుడై ముప్పై ఏళ్లు దాటింది. మీ పెళ్లికి మా మామ పుంజుని అందుకున్నప్పుడు మీరు పక్కనే తల వంచుకుని నిలబడ్డారు కదా.

పుంజుని అందుకోవడమంటే కోడిని పట్టుకోవడం కాదు. రేపు ఆ పిల్ల కాపురంలో ఏ కష్టం వచ్చినా, వాడు చెయ్యి ఎత్తినా, జబ్బు చేసినా, విడిచి పోయినా, ఎవరి గుమ్మం ముందు కూర్చుని అడుగుతుంది? పుంజుని అందుకున్నవాడి గుమ్మం ముందు. ఊరి పెద్ద కూడా వాణ్ణే పిలుస్తాడు. తండ్రిని పిలవడు. మీరు చేసిన పని వల్ల ఈ రోజు నా మేనకోడలు మేనమామ లేని పిల్ల అయింది. ముటోలా ఆయన ఇక్కడికి వచ్చి అదే అన్నాడు. "మాకు పుంజు పోయింది, మాట దొరకలేదు" అన్నాడు. 

ఇక దారి ఒక్కటే. అందుకున్న చెయ్యే ఆ పుంజుని తిరిగి ముటోలాకి ఇవ్వాలి, అందరి ముందూ. ఆ తర్వాత ఆయన నాకు ఇస్తాడు, నేను అందుకుని బదులుగా మన ఇంటి పెట్టని ఆయన చేతిలో పెడతాను. అది తొలివాన కంటే ముందు జరగాలి. వాన పడితే అందరూ పొలాల్లో దిగుతారు, కోతలయ్యేదాకా ఎవరూ పెళ్లిమాట ఎత్తరు. అంతకాలం ఆగేది లేదని ముటోలా గట్టిగా చెప్పాడు. మొదటివాడు కూడా కోతలయ్యాక వస్తానన్నవాడే కదా. ఫలేసి బడికి వెళ్తోంది, వస్తోంది, పళ్లెంలో అన్నం సగం వదిలేస్తోంది.

తొందర మీకు కొత్త కాదు. జెఫనాయా పడవకి మీరు ఒక్క మధ్యాహ్నంలో వేసిన రేకు మాసిక ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. వాడు నాకూ స్నేహితుడే.

పుంజుతో సహా రండి.

జోసాము

*

చీసీ లంక
సెప్టెంబరు 13

బామ్మర్దీ,

నీకు కోపం వస్తే మీరు అంటావు. ఉత్తరంలో మొదటి "మీరు" చూడగానే దాన్ని మడిచి చూరులో దోపేశాను.

తప్పు నాదే. ఎలూబె నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు మాట్లాడింది, అదే కష్టమనిపించింది. ఆమె నోటి మీద చెయ్యి వేసుకున్నది సంతోషంతో కాదని ఇప్పుడు తెలిసింది. "పుంజుని లాక్కున్నావే, దాంతోపాటు నా తమ్ముడి ముఖం కూడా లాగేశావు" అంది. నేను తల గోక్కున్నాను, ఇంకేం చెయ్యను.

రేకు మాసిక గురించి రాశావు. ఆ ఒక్క ముక్క ఎలూబెకి చదివి వినిపించలేదు.

నేను వెంటనే బయల్దేరేవాణ్ణే. కానీ నువ్వు ఊళ్లో ఉండి నీళ్ల సంగతి ఎరగవు. మూడు వారాల్లో సరస్సు పోయింది జోసామూ. పోయిందంటే పోయింది. లంక చుట్టూ నీళ్లు వెనక్కి పోయి, మధ్యలో ఎక్కడో మడుగులా ఆగాయి. నేను గడ పాతి కట్టిన పడవ ఇప్పుడు బురద మీద పక్కకి ఒరిగి పడుకుంది, ముసలి గొడ్డు పడుకున్నట్టు. అక్కణ్ణించి అవతలి ఒడ్డున కచూలు రేవు దాకా అంతా బురదే. పైన నున్నగా మెరుస్తుంది, కొత్తగా అలికిన గచ్చులా. కాలు పెడితే మోకాలు, మోకాలు పెడితే నడుం. నీళ్లుంటే పడవలో వచ్చేవాణ్ణి. నేలయితే నడిచి వచ్చేవాణ్ణి. ఇది నీళ్లూ కాదు, నేలా కాదు.

ఫలేసి పాకే వయసులో ఇలాగే ఒకసారి ఎండింది, నీకు గుర్తుండాలి. అప్పుడు కూడా నలభై రోజులు బురద, ఆ తర్వాతే గట్టిపడింది. రోజూ పొద్దున ఒడ్డున నిలబడి ఒక రాయి విసురుతున్నాను, అప్పట్లో మా నాన్న విసిరినట్టు. నిన్న విసిరిన రాయి "గుళుక్" మని మునిగి ఇక కనిపించలేదు.

ఈ ఉత్తరం మా లంక కుర్రాడు బ్వానాలీ తెస్తాడు. వాడు జమ్ములాగా సన్నగా ఉంటాడు. ఇంటి తలుపు ఊడదీసి బురద మీద వేసుకుని, దానిమీద పొట్టమీద పడుకుని చేతులతో తోసుకుంటూ పొద్దున బయల్దేరితే సాయంత్రానికి కచూలు చేరతాడు. రెండు ఎండు చేపలు ఇస్తే చాలంటాడు. నన్ను కూడా తోసుకెళ్లమని అడిగాను. నా పొట్ట వైపు చూసి "తలుపు చాలదు తాతా, గోడ కావాలి" అన్నాడు. ఎంత పొగరు!

అందుకని ఒక మాట. పుంజుని బ్వానాలీతో పంపిస్తాను. వాడు ముటోలాకి ఇస్తాడు. నా చెయ్యే అనుకో. ఒప్పుకోవయ్యా, నీ కాళ్లు పట్టుకుంటాను, బావ బామ్మర్ది కాళ్లు పట్టుకోవడం ఎక్కడా లేకపోయినా సరే.

మేం బాగున్నాం. పిండి ఉంది, చేపలు ఉన్నాయి. దిగులు పడకు. పుంజు మాత్రం పొద్దున, మధ్యాహ్నం, ఎప్పుడు పడితే అప్పుడు కూస్తోంది. లంకలో పెట్టలన్నీ మా పెరట్లోనే ఉంటున్నాయి. నాకు లేని మర్యాద దానికుంది.

నీ బావ,
లామెకి

*

జోంబా బజారు
సెప్టెంబరు 28

బావగారికి,

మీ ఉత్తరం ఇచ్చిన తర్వాత బ్వానాలీ మా ఇంట్లో న్సీమ తింటూ అన్నీ చెప్పాడు. మీరు రాయనివి కూడా.

మీరు పుంజుని బుట్టలో పెట్టి, నెత్తిమీద కట్టుకుని, జమ్ము కట్టలు పరుచుకుంటూ బయల్దేరారట. మూడు వందల అడుగులు కూడా పోకుండా ఛాతీ దాకా దిగిపోయారట. వల తాళ్లు విసిరి ఆరుగురు లాగారట. సగం పొద్దు లాగారట. బుట్టలో పుంజు మాత్రం తడవలేదట, రెండు చేతులూ పైకెత్తి పట్టుకునే ఉన్నారట. "తాత మెడ దాకా దిగినా పుంజుని వదిలేలా లేడు" అని చెప్పి బ్వానాలీ నవ్వాడు. ఫలేసి నవ్వలేదు, లేచి బయటికి వెళ్లిపోయింది.

పిండి ఉందని రాశారు. పిండి పడవ రాక నెల అయిందని వాడు చెప్పాడు. మీరిద్దరూ పొద్దున చేప, సాయంత్రం చేప తింటున్నారట. ఉన్న తవుడంతా పుంజుకి పెడుతున్నారట.

బావా, నీకేమైనా పిచ్చా? ఇంకోసారి ఆ బురదలో కాలు పెడితే నేను నీ గడప తొక్కను. నీ అక్క ఏమైపోవాలి, కాదు, నా అక్క ఏమైపోవాలి? కోపంలో ఏం రాస్తున్నానో తెలియడం లేదు.

కానీ పుంజుని బ్వానాలీతో పంపవద్దు. నేను మొండిగా చెప్పడం లేదు. ముటోలాని అడిగాను. "అందుకున్న చెయ్యి వేరు, ఇచ్చే చెయ్యి వేరు అయితే రేపు అది దొంగ పుంజు అంటారు" అన్నాడు. ఆయన అన్నది నిజమే. పెళ్లయ్యాక ఎవరైనా ఈ మాట ఎత్తకూడదు కదా.

నాకు కోపం ఎందుకు వచ్చిందో చెప్తాను. నాకు పిల్లల్లేరు. నీ కూతురు ఆరో తరగతి నుంచి నా ఇంట్లో ఉంది. నా కొట్టులో తెగిన గుడ్డ ముక్కలతో బొమ్మలు చేసుకుంది. అంతకాలం నేను ఒక్క రోజు కోసం ఎదురు చూశాను, ఎవరో పుంజుని చంకలో పెట్టుకుని నా గుమ్మంలోకి వచ్చి అడిగే రోజు కోసం. కొత్త చొక్కా కుట్టుకుని పెట్టెలో పెట్టాను. ఆరేళ్లుగా అది పెట్టెలోనే ఉంది. ఆ ఒక్క రోజే నాది. నువ్వు దాన్ని నీ గుమ్మంలో లాక్కున్నావు.

తొలివాన ఈసారి త్వరగా పడుతుందని ఇక్కడ అంటున్నారు.

జోసాము

*

చీసీ లంక
అక్టోబరు 17

జోసామూ,

నీ ఉత్తరం ఎలూబెకి చదివి వినిపించాను. చొక్కా దగ్గరికి వచ్చేసరికి ఆపేశాను. మిగతాది రెండు రోజుల తర్వాత చదివాను.

నాకు రాయడం సరిగా రాదు. నాలుగో తరగతి దాకా చదివాను, అదీ సగం రోజులు వల పట్టుకుని. కానీ ఒకటి రాస్తాను, తప్పుగా అనుకోకు.

నీకు ఒక్క రోజు ఉంది. నాకు ఏ రోజూ లేదు. మన పద్ధతి అది, నాకు తెలుసు, నేను దాన్ని కాదనడం లేదు. పెళ్లిలో మేనమామ మాట్లాడతాడు, తండ్రి వెనకాల చాప మీద కూర్చుంటాడు. ఫలేసి పుట్టిన రోజు నేను నీళ్ల మీదున్నాను, గాలి తగ్గక మూడు రోజులకి వచ్చాను. బడిలో చేర్చింది నువ్వు. మొదటివాడు మాట తప్పితే వాళ్ల ఇంటికి వెళ్లి నిలదీసింది నువ్వు. నేను చేపలు పంపాను. అంతే, చేపలు పంపాను. ముటోలా గుమ్మంలో నిలబడి అడగగానే ఏమైందో నాకే తెలియదు. ఎవరో నన్ను అడిగారు, నా కూతురి గురించి, నా మొహం చూస్తూ. చెయ్యి దానంతట అదే వెళ్లింది జోసామూ. అది నీది లాక్కోవాలని కాదు.

ఇప్పుడు ఆ చెయ్యిని ఈ బురద పట్టుకుంది.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎలూబెకి కూడా. పది రోజుల కింద లంక పెద్దలంతా మా లంక కొండ మీదికి వెళ్లి, పూర్వీకుల రాళ్ల దగ్గర పిండి పోసి వాన అడిగారు. ఇళ్లలో ఉన్న చివరి పిండి అది. నేనూ వెళ్లాను, మోకాళ్ల మీద కూర్చున్నాను. అందరూ వాన కావాలన్నారు. నేను పెదవులు కదిపాను. లోపల మాత్రం, "ఇంకో పది రోజులు ఆగు, పూర్తిగా ఎండిపోనీ, నేల గట్టిపడనీ" అన్నాను. యాభై ఏళ్లు నాకు తిండి పెట్టిన నీళ్లు చచ్చిపోవాలని కోరుకున్నాను. పక్కన మోకాళ్ల మీద ఉన్నవాళ్లు ఆకలితో ఉన్నారు. వాళ్ల పిల్లలు ఎండిన మడుగుల్లో అడుగున దాక్కునే మ్లంబా చేపల కోసం మట్టి తవ్వుతున్నారు. నేను ఎవరి మొహమూ చూడలేక మెల్లగా దిగి వచ్చేశాను.

లంక ఇప్పుడు బోను జోసామూ. ఎటు చూసినా ఒకటే చదును, ఒకటే మెరుపు. పక్షులు కూడా వెళ్లిపోయాయి. మధ్యాహ్నం గాలి వీస్తే ఉప్పు దుమ్ము లేచి నోట్లో పడుతుంది. అక్కడ మీ కొండ కనిపిస్తూనే ఉంటుంది, నీలంగా, చెయ్యి చాపితే అందేటంత. అక్కడ నా కూతురు అన్నం వదిలేస్తోందని తెలుసు, ఇక్కణ్ణించి కదలలేను. నిన్న ఆ కొండ నెత్తిన మబ్బు కనిపించింది. అందరూ పరిగెత్తుకొచ్చి చూపించారు, "లామెకీ, చూడు, చూడు" అని. నేను చూసి, ఇంట్లోకి వెళ్లి కూర్చున్నాను.

ఎలూబె పుంజు వైపు చూసే చూపు మారింది. ఆకలి చూపు. అడిగితే "నేనేమీ అనలేదే" అంటుంది. నేను దాన్ని మంచం కింద కట్టేస్తున్నాను.

నిన్న విసిరిన రాయి సగం మునిగి, సగం పైనే ఉంది. ఇవాళ కూడా అక్కడే ఉంది. నేల పగలడం మొదలైంది. పగుళ్లలో వేలు పడుతోంది.

లామెకి

*

జోంబా బజారు
అక్టోబరు 29

బావా,

ఇది పొట్టి ఉత్తరం. బ్వానాలీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, వాణ్ణి కూర్చోమన్నా కూర్చోడు.

నీ ఉత్తరం ఫలేసికి ఇచ్చాను. క్షమించు, నీది నువ్వే చెప్పాలి, కానీ ఇచ్చాను. చదివి, మడిచి తన జాకెట్లో పెట్టుకుంది. రాత్రి అన్నం మొత్తం తింది. నా ముద్ద కూడా తింది.

ఈ మధ్య రెండుసార్లు కచూలు వెళ్లాను, కొట్టు మూసేసి. నేను దర్జీని, నాకు నీళ్ల సంగతి తెలియదు. కానీ రాయి విసరడం నాకూ వచ్చు. మొన్న విసిరిన రాయి పైనే నిలబడింది. దాని పక్కన నేనూ నిలబడ్డాను. తర్వాత నడిచాను. పడవలకి గుర్తుగా పాతిన ఎండు చెట్టు కాండం ఉంది కదా, అక్కడి దాకా నడిచాను. జీవితంలో మొదటిసారి సరస్సు మీద బూట్లతో నడిచాను, నువ్వు నవ్వుతావు.

కొండ మీద రోజూ మబ్బు. ఇక ఆగడానికి లేదు. వచ్చే శనివారం పొద్దున మీరిద్దరూ మీ వైపు నుంచి బయల్దేరండి. నేను, ముటోలా, లైటన్, ఫలేసి మా వైపు నుంచి వస్తాం. ఎక్కడ కలిస్తే అక్కడే. మధ్యలో మెత్తగా ఉంటే ఎక్కడ ఆగిపోతావో అక్కడే నిలబడు, మేం వస్తాం. ముటోలా ఒప్పుకున్నాడు. "ఊరు ముఖ్యం కాదు, చేతులు ముఖ్యం" అన్నాడు.

బ్వానాలీని తలుపుతో సహా వెంట తెచ్చుకో. పుంజుని తినకండి.

నీ బామ్మర్ది,
జోసాము

రేకు మాసిక గురించి రాసింది తప్పు. అది రాసి ఉండకూడదు.

*

చీసీ లంక
నవంబరు 12

బామ్మర్దీ జోసామూ, నా బంగారూ,

వాన పడింది! పడిందయ్యా! గురువారం మధ్యాహ్నం మొదలైంది, ఇంకా పడుతూనే ఉంది! ఇంటి పైకప్పు మూడు చోట్ల కారుతోంది, నేను కింద కుండలు పెట్టి కూర్చుని నవ్వుతున్నాను. కురవనీ, ఇప్పుడు ఎంతయినా కురవనీ. నేను అడిగిన పది రోజుల కంటే ఎక్కువే ఆగింది. వెళ్లి అందరితో చెప్పేశాను, కొండ మీద ఏం కోరుకున్నానో. ఒక ముసలావిడ నా చెవి పట్టుకుని మెలిపెట్టింది, అందరూ నవ్వారు. అంతటితో పోయింది.

మేకల కోసం వెనక్కి వచ్చిన నేను ఒంటరిగా ఇక్కడ ఇరుక్కుపోయాను. ఇవాళ విసిరిన రాయి "గుళుక్" మని పోయింది. నా అక్కయ్య అనబోయాను, నీ అక్కయ్యకి చెప్పు, మేకలు బాగున్నాయి, నేను బాగున్నాను, నీళ్లు నిండి పడవ లేచేదాకా తమ్ముడి ఇంట్లో మొక్కజొన్న పిండి తింటూ కూర్చోమను. ఒక్కణ్ణే ఉంటే వంట ఎలా అని అడుగుతుంది. చేప కాల్చుకుంటున్నాను, మాడుతోంది, తింటున్నాను.

ఇక్కడ అందరికీ ఆ శనివారం గురించి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పకపోతే వాళ్లే అడుగుతారు. "లామెకీ, పుంజు ఎగిరిన ముక్క చెప్పు" అంటారు. చెప్తాను. మన రెండు గుంపుల మధ్య ఇరవై అడుగులు మెత్తని బురద మిగిలిపోవడం, ముటోలా అటువైపు చేతులు చాపి నిలబడడం, నేను ఇటునుంచి "ఇదిగో, అందుకున్న చేత్తోనే ఇస్తున్నాను" అని పుంజుని విసరడం, అది రెక్కలు కొట్టుకుంటూ ఎగిరి ముటోలాని వదిలేసి తిన్నగా నీ కొత్త చొక్కా మీద వాలడం! మెడ మీద గీతలు మానాయా? "దానికి కూడా మేనమామ ఎవరో తెలిసింది" అని ముటోలా అన్న మాటకి ఇక్కడ లంక లంకంతా పడి పడి నవ్వింది. నువ్వు నవ్వకుండా దాన్ని ఆయన చేతుల్లో పెట్టి, మళ్లీ ఆయన చేతుల్లోంచి అందుకున్నావు. నీ మొహం ఆ రోజు దొరబాబులా ఉంది, అబద్ధం చెప్పను.

కానీ ఆ తర్వాతది మాత్రం ఎవరికీ చెప్పలేదు. బ్వానాలీ ఎలూబెని, తర్వాత నన్ను తలుపు మీద పడుకోబెట్టి దాటించాక, బురద కారుతూ మీ ముందు నిలబడితే, నువ్వు మన పెట్టని చేతుల్లో పట్టుకుని ముటోలాకి ఇవ్వబోయి ఆగావు. "బావా, ఇలా రా, నువ్వు కూడా ఒక చెయ్యి వెయ్యి" అన్నావు. నీ చేతి పక్కన నా చెయ్యి వేశాను. పెట్ట వెచ్చగా ఉంది. ఫలేసి నన్ను చూసింది. అది చెప్పడానికి నాకు మాటలు రావు, అందుకే ఎవరికీ చెప్పలేదు. నాకూ ఒక రోజు ఉంది జోసామూ. అది నీ రోజులోంచి నువ్వే ఇచ్చావు.

ఇంకో సంగతి. సోమవారం మేకల కోసం ఒంటరిగా వెనక్కి నడుస్తుంటే, మెత్తని చోటు తప్పించుకోవడానికి ఉత్తరం వైపు చుట్టూ తిరిగాను. అక్కడ పగుళ్ల మధ్య పడవ పక్కటెముకలు కనిపించాయి. బోర్లా పడి ఉంది. అడుగు మీది మట్టి తీసి చూశాను. రేకు మాసిక అక్కడే ఉంది, నూనె డబ్బా కత్తిరించి నేను వేసిందే. తుప్పు పట్టింది కానీ ఊడలేదు. ఏడు మేకులూ ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. పడవ నీళ్లు కారి మునగలేదు జోసామూ. గాలి తిప్పేసింది. గాలే. 

సరే, ఇప్పుడు పని. నేను కదలలేను కాబట్టి అందరికీ చెప్పాల్సింది నువ్వే. సోంగానీలో మీ పిన్ని సెలీనాకి చెప్పు, గట్టిగా చెప్పు, ఆవిడకి చెవుడు. చెప్పాక ఏం తిన్నారని అడుగుతుంది, కోడి తిన్నామని చెప్పకు, తనకి పెట్టలేదని అలుగుతుంది. లింబేలో ఉన్న మా అన్న కొడుకు యొహాసికి చెప్పు. మీ ఇంటి పక్క టైలరు భార్యకి చెప్పు, ఆమె ఫలేసి ముఖం మీదే ముసలిదైపోయిందంది, రెండుసార్లు చెప్పు. మొదట మాట తప్పినవాడి తల్లికి కూడా చెప్పు, పాపం ఆవిడ మంచిది, ఆవిడ తప్పేం లేదు. మ్వాంజే కొండ దగ్గర మీ మామ పిల్లలు నలుగురు, వాళ్లలో చిన్నది పేరు మర్చిపోయాను, ఎలూబెని అడుగు. లైటన్ పనిచేసే బోర్ల దగ్గరివాళ్లు చుట్టాలు కారు, అయినా చెప్పు, నాలుగు రోజుల పంపు సంగతి వాళ్లకీ తెలియాలి. బడి హెడ్మాస్టరుకి ఫలేసే చెప్పుకుంటుంది.

జెఫనాయాకి మాత్రం చెప్పక్కర్లేదు. వాడికి నేను దారిలో ఆగి చెప్పాను.

నీ బావ,
లామెకి